మేం ఆరబెట్టిన పెట్టె

సీలేరు దాటాక లారీ మమ్మల్ని దించేసింది. పొద్దున ఏడు గంటలు. వాన. అక్కడితో రోడ్డు సరి. పైన కాఫీ తోటలు, తోటల మీద అడవి, అడవి మీద మబ్బు. కొండ ఎంత ఎత్తుందో చెబుదామంటే కొండ కనిపిస్తేగా! మేం పన్నెండు మందిమి. ఒంటిన వాన పొంచోలు, వీపున తాళ్లు, రేషన్, భుజాన రైఫిళ్లు. జలగల కోసం తలో ఉప్పు మూట.

రిటైరై ఇంటికొచ్చాక మా వీధిలో అందరూ అడిగేది బోర్డర్ గురించే. ఆ కబుర్లు ఎన్నయినా చెబుతాను. ఈ కొండల డ్యూటీ గురించి మాత్రం ఎవరూ అడగరు, నేనూ ఎత్తను. అక్కడ శత్రువు లేడు. ఒక్క తూటా పేలలేదు. సిగ్గుపడే పని ఒకటి జరిగింది, దాన్ని చేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఒక విమానం ఆ కొండకి గుద్దుకుంది. ప్రయాణికులు లేరు. మరమ్మతు కోసం ఖాళీగా తీసుకెళుతున్నారు. ఉన్నది ఇద్దరు పైలట్లు, ఇద్దరూ పోయారు. మాకంటే ముందు వచ్చినవాళ్లు శవాలను కిందికి దించారు. మాకిచ్చిన ఆర్డర్ రెండు ముక్కలు. శకలాలకు కాపలా కాయాలి. రికార్డర్ పెట్టె వెతకాలి. బ్లాక్ బాక్స్ అంటారే, అదే; రంగు మాత్రం నారింజ.

లారీలో వస్తుండగానే మా రేడియో ఆపరేటర్ ఫోన్లో వార్తలు చూపించాడు. టీవీల వాళ్లు అప్పటికే తీర్పు చెప్పేశారు. కో-పైలట్ చిన్నపిల్ల, చోడవరం వైపు చెరకు రైతు కూతురు. కంగారులో తప్పు పెడల్ తొక్కేసిందట. విమానం ఉన్నట్టుండి ఎడమకి తిరిగి కొండ మీద పడడం సంతకెళ్లేవాళ్లు చూశారు. చూసింది తిరగడం. తొక్కడం ఎవరు చూశారని అడిగే నాథుడు లేడు.

విమానం తోకలో నిలువు రెక్క ఉంటుంది కదా, దాని వెనక కదిలే పలకే రడ్డర్. పైలట్ కాళ్ల దగ్గర పెడళ్లుంటాయి. తొక్కితే రడ్డర్ అటో ఇటో తిరుగుతుంది, ముక్కు అటే తిరుగుతుంది. ఒక్కోసారి లోపలి వాల్వు బిగుసుకుంటే ఎవరూ తొక్కకుండానే రడ్డర్ తిరిగిపోవచ్చట. పెడల్ ఎప్పుడు కదిలింది, రడ్డర్ ఎప్పుడు కదిలింది, రెండూ ఆ పెట్టెలో ఉంటాయి. అంటే ఆ పిల్ల తప్పు ఉందో లేదో చెప్పగలిగింది ఈ లోకంలో అదొక్కటే. ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. ఆ రోజు నాకు తెలిసింది, పెట్టె వెతకాలని.

మా పెద్ద హవల్దార్ సాబ్. గఢ్వాల్ మనిషి. కొండలంటే ఆయనకి వాకిలి లాంటివి. "కాలు జారినా పర్లేదు, రైఫిల్ తడవకూడదు," అనేవాడు హిందీలో. పన్నెండు మందిలో తెలుగువాణ్ని నేనొక్కణ్ణే. విజయనగరం జిల్లా. అందుకని ఊళ్లోవాళ్లతో మాటలన్నీ నా ద్వారానే నడిచేవి. గూడెం నుంచి ఒకాయన మాకు దారి చూపించడానికి వచ్చాడు. కాఫీ మొక్కలు, కాస్త రాగి చేను ఉన్న మనిషి. వానలో తలమీద ఒక ప్లాస్టిక్ గోనె, కాళ్లకి ఏమీ లేదు. మా బూట్లలో అన్ని జలగలు దూరినా, ఆయన్ని ఒక్కటీ ముట్టుకున్నట్టు లేదు.

మొదటి రోజంతా తోక ముక్కలు, తీగలు, సీట్లు. పెట్టె లేదు. రెండోరోజు పొద్దున్నే దారి చూపే ఆయన కొండవాగు, మా మాటలో గెడ్డ, దాని దగ్గర ఆగి వేలు చూపించాడు. రెండు బండల మధ్య, మోకాలి లోతు నీళ్లలో, నారింజ రంగు పెట్టె. ఒక మూల పగిలి ఉంది. నేను నీళ్లలోకి దిగబోతే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ముట్టొద్దు బాబూ. సావుతోటి పడ్డ వొస్తువు. దిసారి వొచ్చి కోడిని కోసీదాకా మాకాడ ఎవులూ ముట్టరు. సాయంత్రానికి వొచ్చీస్తాడు."

దిసారి అంటే వాళ్ల పూజారి. మంచి ఘడియ, చెడు ఘడియ చెప్పేది ఆయనే. ఈ మాట హిందీలో చెప్పాను. హవల్దార్ సాబ్ నవ్వి, "సర్కారు పని కోడి కోసం ఆగుతుందా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఆయన ఎదురుగా, వాళ్ల గెడ్డ ఒడ్డున నిలబడి నవ్వాను. ఆ తరవాత ఇద్దరం వంగి పెట్టెను పైకి తీశాం. పగిలిన మూలలోంచి బురదనీళ్లు కారాయి.

రేడియో ఆపరేటర్ కింది వాళ్లకి చెప్పాడు. "పెట్టె దొరికింది. ఓవర్."

"శభాష్. భద్రంగా ఉంచండి. దర్యాప్తు అధికారి మధ్యాహ్నానికి వస్తారు. ఓవర్."

తడిసిందా అని వాళ్లు అడగలేదు. నీళ్లలో దొరికిందని మేం చెప్పలేదు.

ఇక్కడ మీకు సైన్యం సంగతి ఒకటి చెప్పాలి. రైఫిల్ తడిస్తే సైనికుడికి అన్నం దిగదు. విప్పాలి, తుడవాలి, ఆరబెట్టాలి, నూనె పెట్టాలి. రిక్రూట్‌గా ఉన్నప్పుడు ఈ పని చెయ్యలేదని నన్ను ఎండలో పరుగెత్తించారు. ఆ పాఠం ఎముకల్లోకి దిగిపోయింది. తడిసిన ఇనుము చేతిలోకి వస్తే చెయ్యి ఆగదు. హవల్దార్ సాబ్ మరలు విప్పాడు. మూత తీశాం. లోపల ఆకుపచ్చ కార్డులు, వాటి నిండా సన్నటి బురద. రైఫిల్ గొట్టం తుడిచే బట్టముక్కలతో నేను ఒక్కొక్క కార్డూ తుడిచాను. ఎంత శ్రద్ధగా తుడిచానో చెబితే మీరు మెచ్చుకుంటారు. అంచులకి నూనె రాశాను. మళ్లీ మూత బిగించి, పొయ్యి పక్కన రాళ్ల మీద పెట్టి, మొక్కజొన్న పొత్తుని తిప్పినట్టు నాలుగు పక్కలా తిప్పుతూ ఆరబెట్టాం. పొయ్యిలోకి ఎండు పుల్లలు దొరకడమే గగనం. మా టీ మానుకుని ఆ పుల్లలు దానికి వాడాం.

ఒంటి గంటకి అధికారి వచ్చాడు. సన్నటి మనిషి, అద్దాల నిండా వాన. ఆయన వెంట ఇద్దరు సహాయకులు. వాళ్ల వెనక పంచె ఎగగట్టిన పెద్దాయన ఒకడు. కో-పైలట్ తండ్రి. కింద ఎంత చెప్పినా వినకుండా కొండెక్కేశాడట.

"ఎక్కడ దొరికింది?" అని అధికారి హిందీలో అడిగాడు.

"గెడ్డలో, సార్," అన్నాడు హవల్దార్ సాబ్. "మేమే విప్పి శుభ్రం చేశాం. పూర్తిగా ఆరిపోయింది."

ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినబడుతుంది. నా ఛాతీ కూడా ఉబ్బే ఉంది అప్పుడు. అధికారి పొయ్యిని చూశాడు, పెట్టెను చూశాడు, మెల్లిగా బండ మీద కూలబడ్డాడు.

"నీళ్లలో దొరికితే నీళ్లలోనే తేవాలి," అన్నాడు. "గెడ్డ నీళ్లే ఒక డబ్బాలో పోసి, అందులో ముంచి అలాగే పంపాలి. ఆరితే లోపల తుప్పు మొదలవుతుంది. ల్యాబ్‌లో తప్ప ఎక్కడా విప్పకూడదు. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. కానీ ఆ జవాబుతో ఏం లాభం? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఆయన అరిచినా బాగుండేది. అరవలేదు. హవల్దార్ సాబ్ అటెన్షన్‌లో నిలబడిపోయాడు, పొమ్మనేవాళ్లు లేక చాలాసేపు అలాగే ఉన్నాడు.

దారి చూపే ఆయన నా పక్కకి వచ్చాడు. "ఏటయ్యింది బాబూ?"

"ఏం లేదు."

"దిసారి బయల్దేరీసుంటాడు. మరి రావొద్దని కబురెట్టీమంటావా?"

సాయంత్రం దాకా ఆ మనుషుల మాట మన్నించి ఉంటే, అధికారి వచ్చేసరికి పెట్టె నీళ్లలోనే ఉండేది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం కూడా నాకు లేకపోయింది.

పెద్దాయన గురించి ఇక్కడే చెప్పాలి. కానీ మిగతాది ముందు చెప్పేస్తాను.

పెట్టెను అదే రోజు కిందికి దించారు. వానలు తగ్గేదాకా మేం శకలాలకి కాపలా కాసి యూనిట్‌కి వెళ్లిపోయాం. పెరేడ్‌లో మా పన్నెండు మందినీ ముందుకు పిలిచి, కష్టమైన కొండల్లో రికార్డర్ త్వరగా కనిపెట్టినందుకు మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. హవల్దార్ సాబ్ నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు.

దర్యాప్తు నివేదిక చాలా కాలానికి వచ్చింది. నేను ఫోన్లో చదివాను. పెట్టెలో ఆఖరి భాగం చదవలేకపోయారు. తోకలోని వాల్వు కాలి ముద్దయిపోయింది. రడ్డర్ తనంతట తిరిగిందో, పెడల్ తొక్కితే తిరిగిందో తేల్చలేమని రాశారు. కింద సిఫార్సులు ఉన్నాయి. ఆ రకం వాల్వులున్న విమానాలన్నింటినీ పరీక్షించాలని, రికార్డర్లు పెడల్ మీద కాలు ఎంత బలంగా నొక్కిందో కూడా విడిగా నమోదు చెయ్యాలని రాశారు. మంచి మాటలు. ముందుముందు ఎవరో బతుకుతారు. ఆఖరి సిఫార్సు దగ్గర నా చూపు ఆగిపోయింది. ప్రమాద స్థలానికి ముందుగా చేరే బలగాలకు శిక్షణ ఇవ్వాలి, నీటిలో దొరికిన రికార్డర్‌ను విప్పరాదు, ఆరబెట్టరాదు, నీటిలోనే తరలించాలి. మా పేర్లు లేవు. అయినా తలుపు వేసుకుని చదివాను.

రిటైరయ్యాక ఒక పని మీద చోడవరం వెళ్లాను. టీ కొట్టు దగ్గర మాటల్లో ఆ విమానం సంగతి వచ్చింది. "ఆ గుంటే కదేటి, ఏదో తప్పు తొక్కీసింది," అన్నాడొకడు. గుంటంటే మా వైపు ఆడపిల్ల. పక్కవాడు తలూపాడు. తేల్చలేమని రాసిన కాగితం ఎవరు చదువుతారు? నేను లేచి, అలా అని ఎవరికీ తెలియదు, తెలియకుండా చేసింది మేమే అని చెప్పాల్సింది. టీ తాగేసి బస్సెక్కాను.

ఇక పెద్దాయన.

అధికారి మాతో అన్నదంతా హిందీలో. పెద్దాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. మేం మౌనంగా నిలబడితే, చచ్చిపోయిన తన కూతురి కోసం అనుకున్నాడేమో. పొయ్యి దగ్గరికి నడిచి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. నన్ను చూసి, "ముట్టుకోవచ్చా బాబూ?" అన్నాడు. తలూపాను. పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. ఉలిక్కిపడి నా వైపు తిరిగాడు.

"ఎచ్చగుంది బాబూ!"

ఆయన చెయ్యి తియ్యలేదు.

"ఆస్పత్రిలో సూపించినప్పుడు మా గుంట సల్లగా అయిపోనాది. సెయ్యి ముట్టుకుంటే నీళ్లలాగుంది. ఇదొక్కటే ఎచ్చగుంది." నా మొహంలోకి చూసి అడిగాడు, "అంటే ఇంకా పన్జేత్తన్నట్టే గదా? మా గుంట తప్పు నేదని సెప్పుద్ది గదా?"

"ఏమంటున్నాడు?" అని హవల్దార్ సాబ్ వెనక నుంచి గొంతు తగ్గించి అడిగాడు. ఆయనకి చెప్పలేదు.

పెద్దాయనకి చెప్పాను. "అవును బాబాయ్. పనిచేస్తోంది."

ఆయన నా మాట నమ్మి, రెండో చెయ్యి కూడా దాని మీద పెట్టాడు.