బోర్డు మీద పెరిగిన అంకె

మా వీధిలో ఎవరో మేడ కడుతున్నారు. పొద్దున్నే ఇనప గొట్టాల మీద సుత్తి దెబ్బలు వినబడితే చేస్తున్న పని ఆపేసి కాసేపు అలా నిలబడిపోతాను. ఆ చప్పుడుతో ఖాదర్ గారు గుర్తొస్తారు.

ఎనభైల మొదట్లో, విశాఖలో ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజుల్లో, అటువైపు ఎత్తయిన నీళ్ల ట్యాంకు కడుతున్న ఒక కాంట్రాక్టరు దగ్గర నేను కాంక్రీటు తట్టలు మోసేదాన్ని. మొగుడు పోయాక నన్ను మా ఊరు పద్మనాభం నుంచి తెచ్చి పనిలో పెట్టింది మా దూరపు మేనమామ, అప్పలస్వామి మేస్త్రి. ఆయన ముఠా తప్ప నాకు నా అనేవాళ్లు లేరు. నెలంతా దెబ్బ తగలని ముఠాకి కాంట్రాక్టరు స్టీలు టిఫిన్ క్యారేజీలు బహుమతిగా ఇచ్చేవాడు. అందుకే వేలు నలిగినా గుడ్డ చుట్టి దాచేసేవాళ్లం. షెడ్డు ముందు నల్లబోర్డు మీద ప్రమాదాల లెక్క దగ్గర ఎప్పుడూ సున్నాయే ఉండేది.

ఖాదర్ గారు పాతనగరం మనిషి. రేవులో పనిచేసేటప్పుడు తోటివాడు ఓడ అడుగుకి పడి చనిపోవడం కళ్లారా చూశారట. మా దగ్గరికి సేఫ్టీ సూపర్‌వైజరుగా వచ్చిన రోజు నుంచీ, సాయంత్రం దిగివచ్చే ప్రతి ఒక్కరినీ ఆపి అడిగేవారు.

"ఇయాళ ఎవులి కాలైనా జారిందా?"

"పడ్డోల్నడగాల గానీ, పడనోల్నడుగుతాడేటి ఈ సాయిబు!" అని మావాళ్లు నవ్వేవారు. ఆయన పక్కన కూర్చుని తినేవాళ్లు ఎవరూ ఉండేవారు కాదు. ఒకసారి మంచినీళ్లిస్తూ, ఈ నెల దెబ్బలే లేవు కదా బాబూ అన్నాను.

"వానలకి పనే ఆగిపోనాది కదమ్మా. ఎంతమంది ఎక్కినారో సూడకుండా ఎంతమంది పడ్డారో లెక్కెడితే ఏటి తెలుస్తాది?" అన్నారు.

వానలు తగ్గి పని మొదలైన వారంలోనే, ట్యాంకు చుట్టూ కట్టిన పరంజా మీద, మూల తిరిగే చోట నా కాలికింద పలక జారింది. తాడు చేతికి దొరికింది. తట్ట మాత్రం ఎక్కడో కింద పడి చప్పుడైంది.

"ఏటీ అవనేదు కదే పైడమ్మా! నోరు మూసుకో. కేరేజీలు ఈపాలి మనోలకే," అన్నాడు మామ.

సాయంత్రం ఖాదర్ గారు అడిగారు. చెప్పేశాను. నా తర్వాత మరికొందరు చాటుగా వచ్చి చెప్పారు. బోర్డు మీద అంకె పెరిగింది. క్యారేజీలు పోయాయి. మర్నాడు నేను కూర్చోగానే మావాళ్లు గిన్నెలు పట్టుకుని పక్కకి జరిగారు.

ఇంజనీరు వచ్చి బోర్డు చూసి, "నువ్వొచ్చాకే ప్రమాదాలు పెరిగాయేమయ్యా?" అన్నాడు.

"పెరిగింది సెప్పడం బాబూ. కాళ్లు ముందూ జారినాయి. అన్నీ ఆ మూలనే. అదీ కొత్తోలు కాదు, అలవాటు పడ్డోలే."

"హెడ్డాఫీసుకి ఇదంతా ఎవరు చెబుతారు?" అంటూనే ఆ మూల చేత్తో పట్టుకోడానికి అడ్డకమ్మీ వేయించడానికి ఒప్పుకున్నాడు. కమ్మీ పడింది. ఆ నెలాఖరుకి ఖాదర్ గారిని మరో చోటికి పంపేశారు. వెళ్తూ, "నీకు కూడు కూడా ఒంటరి సేసేనమ్మా," అన్నారు. ఆయన సంచీ గేటు దాకా మోశాను.

తర్వాత ఒక మంచు ఉదయం, నా ముందు నడుస్తున్న మామ కాలు ఆ మూల దగ్గరే జారింది. చెయ్యి దానంతటదే కమ్మీని పట్టుకుంది. ఆయన వెనక్కి కూడా చూడలేదు. మేకు కొట్టేవాడితో మాట్లాడుతూనే వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఖాదర్ గారి చోట కొత్తగా వచ్చినాయన బోర్డు మీద సున్నా వేస్తున్నాడు.

"ఒకటుంది బాబూ," అన్నాను.

"ఎవులు పడ్డారు?"

"ఎవులూ పడనేదు."

"మరేటి రాయమంటావే!" అని నవ్వాడు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఎక్కడైనా ప్రమాదాలు తగ్గాయని చదివితే, ఎంతమంది ఎక్కారు, వాళ్లను అడిగినవాళ్లెవరు అని మనసులో అనుకుంటాను. మామ పోయేదాకా నాతో మనసు విప్పి మాట్లాడలేదు. ఆయన తన వంతు బతుకంతా బతికి, మంచం మీద, పిల్లల మధ్య పోయాడు. అందరూ ఏడుస్తుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి, కమ్మీని పట్టుకున్న ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను.