బియ్యం బుక్కిన రోజులు

ఎల్లారెడ్డిలో మా ఇంటి ముందటి అర్రల నేను బట్టలు కుడుత. కొన్నేండ్ల కింద నాకు కాసేపు మిషన్ తొక్కితేనే ఆయాసం వచ్చేది. ఇక్కడి డాక్టరు రక్తం తక్కువుందని ఐరన్ గోలీలు రాసిండు. నెలల కొద్ది మింగిన. రక్తం మాత్రం పెరగలే.

అప్పుడే ఇంకో పిచ్చి పట్టుకున్నది. వంటింట్లకు పోయినప్పుడల్లా డబ్బాల నుంచి పిడికెడు బియ్యం తీసి బుక్కేదాన్ని. ఒకనాడు మా అత్తమ్మ చూసింది.

"ఏందే గది? నీకు అన్నం సాలుతలేదా?"

తిడ్తదనుకున్న. ఆమె ముఖం చిన్నగైంది. తెల్లారే నన్ను బస్సెక్కించి కామారెడ్డి దవాఖానకు తీసుకపోయింది.

డాక్టరమ్మ నా కంటి కింది రెప్ప లాగి చూసింది. నెలసరి ఎట్ల వస్తుందో అడిగింది. తర్వాత, "మట్టి, బియ్యం, ఐసు తినాలనిపిస్తుందా?" అన్నది. నేను తల దించుకున్న.

"బియ్యం బుక్కుతది మేడం," అన్నది అత్తమ్మ. "పక్క అర్రలున్నా నాకు ఇనవడ్తది."

డాక్టరమ్మ నవ్వింది. రక్తం తగ్గినోళ్లల్ల కొందరికి గట్ల అయితదట. గోలీలతోని పెరుగుతలేదు కాబట్టి కడుపు చూడాలన్నది. గొంతులకెళ్లి సన్నటి పైపు పంపి పరీక్ష చేసింది.

"కడుపు పొరలో బ్యాక్టీరియా ఉందమ్మా. పుండు లేదు, వాపు ఉంది. దాంతో నువ్వు మింగిన ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టడం లేదు."

"నాకు కడుపునొప్పే లేదు గద మేడం!"

"చాలామందికి ఉండదు. కొందరికి ఇట్లా రక్తం తగ్గితేనే బయటపడుతుంది."

రెండు వారాలకు మందులిచ్చింది. అవి మింగితే నోరంతా చేదు, తుప్పు నాకినట్టు. నడుమల ఆపేస్త అన్న. అత్తమ్మ ఊకోలే. నీళ్ల గిలాస పట్టుకొని మిషన్ పక్కన నిలవడేది. మింగినంక బెల్లం ముక్క చేతిల పెట్టేది.

తర్వాత అవే ఐరన్ గోలీలు మళ్ల మొదలువెట్టిన. ఈసారి ఒంటికి పట్టినయి. బియ్యం మీద యావ ఎప్పుడు పోయిందో నాకే తెల్వదు. పెండ్లిళ్ల గిరాకి వస్తే పొద్దుందాక కుట్టిన, అలుపు రాలే.

మళ్ల పరీక్షకు పోతే బ్యాక్టీరియా పోయిందన్నరు, రక్తం గూడ పెరిగిందన్నరు. సంబురంగ బస్టాండు దిక్కు నడుస్తున్న. వెనుకకెళ్లి అత్తమ్మ పిలిచింది.

"మెల్లగ నడువే! నీ ఎంబడి ఉరుకుడు నాతోని అయితలేదు."

ఆగి, ఆమె చెయ్యి పట్టుకున్న.