వాక్యంలో లేని సైగలు

పెద్ద లాండ్రీలో హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడని అక్కడ అందరూ 'చేతులక్క' అంటారు. మాట్లాడుతున్నంతసేపూ ఆవిడ చేతులు ఊరుకోవు. భర్తకి పుట్టుకతోనే వినపడదు. ఆయన వడ్రంగి. పెళ్లయిన కొత్తలో ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని సైగల భాష నేర్పాడు. పోట్లాడటం వచ్చేసరికి భాష మొత్తం వచ్చేసిందని ఆవిడే చెప్పుకుంటుంది.

ఆదివారం చర్చిలో ఆరాధనప్పుడు ఆవిడ పాస్టరుగారి పక్కన నిలబడి ప్రసంగం, ప్రార్థన, పాటలు అన్నీ సైగల్లో చెప్పేది. మొదట భర్త ఒక్కడి కోసమే. తర్వాత, టైలరింగ్ షాపులో బట్టలు కుట్టే వినపడని అమ్మాయి ఒకామె ఎవరి ద్వారానో తెలుసుకుని వచ్చింది. ఆ ఇద్దరూ ముందు బెంచీలో కూర్చునేవాళ్లు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, చేతులక్క తమ్ముడు సంఘపెద్ద అయ్యేదాకా.

తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. చిన్నప్పటి నుంచీ వాడికి 'రూళ్లకర్ర' అని పేరు. లిఫ్టులో రాసిన లెక్కకన్నా ఒక్క మనిషి ఎక్కువైతే, అది చంకలో పసిపిల్లాడైనా సరే, దింపేసే రకం. అలా అవడానికి కారణం కూడా లేకపోలేదు. వాడు అంతకుముందు వెళ్లిన సంఘంలో మొదట రంగు లైట్లు పెట్టారు. తర్వాత పొగ వదిలే మిషను తెచ్చారు. ఆ తర్వాత ప్రార్థన చేసిన నూనె అంటూ సీసాలు మొదలయ్యాయి. వాడి భార్యకి జ్వరం తగ్గకపోతే మందులు మానేసి ఆ నూనె రాసుకోమన్నారు. ఆమె చావు తప్పి బయటపడింది. వాడు మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. "ఒక్కటి చేర్చనిస్తే చాలక్కా, ఇక ఆగదు. దేవుడు ఎలా ఆరాధించమన్నాడో అలాగే చెయ్యాలి. అడగనిది మనం కలపకూడదు" అని అప్పుడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అక్క వాడి తల నిమిరింది. నిజమే అనుకుంది కూడా.

అందుకే వాడు సంఘపెద్ద అయ్యాక డ్రమ్ములు తీయించినా ఏమీ అనలేదు. వేదిక మీద పుట్టినరోజు శుభాకాంక్షలు ఆపేసినా ఊరుకుంది. పూలకుండీలు తీయించినప్పుడైతే లోలోపల సంతోషించింది. నీళ్లు పోయాల్సింది ఆవిడే మరి.

ఒక శనివారం సాయంత్రం వాడు ఇంటికొచ్చి, కుర్చీ అంచు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నీ సైగల సంగతి పెద్దలందరం మాట్లాడుకున్నాం."

"ఏమొచ్చింది నా సైగలకి?"

"ప్రసంగానికి పర్వాలేదు. పాటలకి మానెయ్. దేవుడి వాక్యంలో, బైబిల్లో, ఎక్కడా లేదు."

ఆవిడ చేతిలో గిన్నె ఠపీమని బల్ల మీద పెట్టింది. "ఒరేయ్, నువ్వు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఉందా వాక్యంలో? మైకు ఉందా?"

"అవి మన వీలు కోసం. ఆరాధనలో భాగం కాదు."

"నా చేతులూ వీలు కోసమేరా!"

"ప్రసంగం దగ్గర ఒప్పుకుంటా. ఒక భాషలో అన్నది తెలియనివాళ్లకి తెలిసేలా చెప్పాలని వాక్యమే అంటోంది. పాటల్లో నువ్వు చేసేది అది కాదు. 'నది' అనగానే రెండు చేతులూ పైకెత్తి ఊగుతావు. జనం పాడటం మానేసి నిన్నే చూస్తున్నారు. నాట్యంలా ఉందక్కా."

ఆవిడకి ఒళ్లు మండింది. మండటానికి కారణం, అందులో కాస్త నిజం ఉండటమే. ఆ నది దగ్గర ఊగడం ఆవిడకి వారం మొత్తంలోకీ ఇష్టమైన పని. వేడి ఇస్త్రీపెట్టె మోసిన చేతులు అక్కడ తేలికయ్యేవి.

భర్త ఇద్దరి మొహాలూ చూసి, ఏమిటని సైగ చేశాడు.

"పాటలకి సైగలొద్దంటున్నాడు" అని ముక్తసరిగా చెప్పింది.

"వాడు అంతసేపు మాట్లాడింది ఇంతేనా?" అన్నాయి ఆయన వేళ్లు.

పళ్లు కొరుక్కుంటూ మొత్తం చెప్పింది. ఆయన తలూపి, తీరిగ్గా జవాబిచ్చాడు. ఆవిడ మొహం కందగడ్డ అయింది.

"బావ ఏమంటున్నాడక్కా?"

"ఏం లేదు."

"అన్నిసార్లు చేతులు తిప్పి ఏం లేదా?"

ఆయన మాట ఆవిడ ఎవరి దగ్గరా దాచింది లేదు. ఆయనకి గొంతు తనే. ఉసూరుమంటూ చెప్పింది: "నువ్వన్నదే సరైనదట. వినపడనివాడికి రాగంతో పనేమిటంటున్నాడు. పైగా ప్రసంగంలో నేను సొంత మాటలు కలుపుతానట. పాస్టరుగారు కోపం గురించి మాట్లాడినప్పుడల్లా 'ఇది నీకే, విను' అని చేరుస్తున్నానట."

తమ్ముడు నోరు తెరిచాడు. "అక్కా! నిజమా?"

"నిజమే! ఏం, ఆయనకి కోపం లేదా?"

"వాక్యానికే కలుపుతున్నావా?"

"ఇద్దరూ కలిసి నా ప్రాణం తియ్యండి" అని ఆవిడ విసురుగా లోపలికి వెళ్లిపోయింది. వెనక బావా బావమరిదీ నవ్వడం వినపడి ఇంకా మండింది.

మర్నాడు పాటలు మొదలవగానే వేదిక దిగి, భర్త పక్కన మూతి ముడుచుకుని కూర్చుంది. బట్టలు కుట్టే అమ్మాయి ఏమైందని అడిగితే, "పెద్దలు వద్దన్నారు" అని చెప్పింది. ఆ అమ్మాయి వేదిక మీద ఆవిడ నిలబడే ఖాళీ చోటు వైపు చూసింది. ఏ పాట పాడుతున్నారో అడిగి తెలుసుకుంది. లేచి నిలబడి, తనే చేతులతో పాడటం మొదలుపెట్టింది. చూసి చూసి పాటలన్నీ ఆమెకి కంఠతా వచ్చేశాయి. నది దగ్గర ఆమె ఊగలేదు. అరచేతిని మాత్రం మెల్లగా పారించింది. అదే ఎక్కువ నదిలా ఉందని చేతులక్కకి అనిపించి, కాస్త అసూయ కూడా పుట్టింది. అందరి పాటా అయిపోయినా ఆమెది ఇంకో చరణం మిగిలింది. ప్రార్థనకి కళ్లు మూయబోయిన పాస్టరుగారు ఆగారు. ఆమె ముగించేదాకా సంఘమంతా నిలబడింది.

ఆరాధన అయ్యాక తమ్ముడు వచ్చాడు. "సంఘమంతా పాడాలని వాక్యంలో ఉందక్కా."

"ఉందని నాకూ తెలుసు."

"ఆ అమ్మాయి పాడుతోంది."

"మరి ఇన్నాళ్లూ ఈగలు తోలుకుంటోందనుకున్నావా?"

"ఇన్నాళ్లూ నువ్వు చేస్తుంటే చూసింది. ఇవాళ తనే పాడింది. రెండిటికీ తేడా ఉంది."

వాడి నెత్తిన ఒక్క మొట్టికాయ వెయ్యాలనిపించింది. వెధవ, మళ్లీ నిజమే చెప్పాడు.

పెద్దలు మళ్లీ కూర్చున్నారు. ప్రసంగానికీ ప్రార్థనకీ ఆవిడ వేదిక మీదే ఉండాలన్నారు. పాటలప్పుడు బెంచీలో, ఆ అమ్మాయి పక్కన నిలబడి, పాడేవాళ్లలో ఒకతెగా చేతులతో పాడొచ్చన్నారు. అక్కడ వెనకవాళ్లకి స్తంభం అడ్డం. ఎంత ఊగినా ఎవరికీ కనపడదు. భర్త మాత్రం పాడడు. వినపడే మగవాళ్లయినా ఎంతమంది పాడుతున్నారో చెప్పమంటాడు.

తమ్ముడు ఇప్పుడు బావ దగ్గర సైగలు నేర్చుకుంటున్నాడు, అక్క సొంత మాటలు కలపకుండా కనిపెట్టి ఉండటానికని. మొన్న ఆ అమ్మాయికి 'నీకు సమాధానం కలుగుగాక' అని శాంతి కోరబోయి ఇంకేదో చెప్పాడు. ఆమె కంగారుగా చూసి, సంచీలోంచి టేపు తీసి వాడి భుజాలు కొలవడం మొదలుపెట్టింది.

"అక్కా, ఏం చెప్పాను నేను?" అని కేకేశాడు.

"నేర్పింది మీ బావ. ఆయన్నే అడుక్కో" అని ఆవిడ ఇంటిదారి పట్టింది.