కల్హేర్ ఆటోలో మేక ఊపిరితిత్తులు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి. చేత్తో ముట్టుకుంటేనే పిల్లలకు పాఠం ఎక్కుతుందని ఒకటి, బాగా చెప్పే టీచరును ఎవరూ తీసెయ్యరని ఇంకొకటి. మొదటిది ఇప్పటికీ ఉంది. బీఈడీ అయిపోగానే కల్హేర్ వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పడానికి తాత్కాలికంగా చేరాను. పదో తరగతికి శ్వాసక్రియ చెప్పాలి. పుస్తకంలో ఊపిరితిత్తుల బొమ్మ జంట వంకాయల్లా ఉంది (రంగు కూడా వంకాయదే). అసలువే చూపిద్దామని పొద్దున్నే నారాయణఖేడ్‌లో మటన్ దుకాణానికి పోయి, గాలిగొట్టం తెగకుండా మేక ఊపిరితిత్తులు తీసుకొని ఆటో ఎక్కాను. సంచి కారుతోంది. పక్కన కూర్చున్న పెద్దామె కాళ్లు ముడుచుకొని, "ఏంది బిడ్డా, చుట్టాలొస్తుండ్రా?" అంది. బడికన్నాను. "బడిల గిప్పుడు గివి గూడ వండుతుండ్రా?" అంది. వండడానికి కాదు, పాఠం చెప్పడానికన్నాను. ఆమె నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి తలాడించింది (నా చదువు మీద జాలి కలిగి ఉంటుంది).

తరగతిలో బల్ల మీద పాత పేపర్లు పరిచి, గాలిగొట్టంలోకి ప్లాస్టిక్ పైపు దూర్చి, సైకిల్ పంపుతో గాలి కొట్టించాను. ముడుచుకున్న ఎర్రటి ముద్ద మెల్లగా ఉబ్బి, లేత గులాబీ రంగుకు తిరిగింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి వెనక బెంచీ నుంచి లేచొచ్చి, వేలితో నొక్కి చూసి, "మా నాయినకు దమ్ముంది మేడం. ఆయనయి గిట్ల ఉబ్బవా?" అని అడిగింది. ఉబ్బసం ఉంటే లోపలి గొట్టాలు ఇరుకవుతాయని చెప్పాను. తను పైపును సగం నొక్కిపట్టి, మళ్లీ పంపు కొట్టమంది. గాలి లోపలికి పోలేక గింజుకుంటుంటే చాలాసేపు చూసి, "అందుకే పండుకోలేక కూసుంటడు" అంది మెల్లగా. నా ఉద్యోగ జీవితంలో అంత మంచి పాఠం మళ్లీ చెప్పలేదు. నిజానికి అది చెప్పింది నేను కాదు.

అప్పుడే హెడ్‌మాస్టరు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని వచ్చాడు. "గిది బడా, కసాయి దుకాణమా మేడం? ఎవలన్న పైకి ఫిర్యాదు జేస్తే పరేషాన్ అయ్యేది నేను."

"పిల్లలకు మంచిగ అర్థమైంది సార్."

"అర్థమైతే మార్కులల్ల కనవడాలె. వాసనల కాదు."

మరుసటి ఏడు నన్ను పిలవలేదు. అడిగితే, "ఈసారి మీ పేరు రాలే మేడం" అన్నాడు, పేర్లన్నీ వాటంతటవే నడిచి వస్తాయన్నట్టు. కొన్నాళ్లకు టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. సైన్స్ ప్రదర్శనలో బల్ల మీద మేక ఊపిరితిత్తులు, చేతిలో పంపు, భుజాన శాలువాతో మా హెడ్‌మాస్టరు. కింద 'మా సార్ వినూత్న బోధన' అని రాశారు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను (పెట్టకపోతే కనబడుతుంది కదా).

ఇప్పుడు నారాయణఖేడ్‌లోనే ఒక ప్రైవేటు బడిలో చెబుతున్నాను. పెద్ద తెర ఉంది. మీట నొక్కితే ఊపిరితిత్తులు శుభ్రంగా, చప్పుడు లేకుండా ఉబ్బుతాయి. మొన్న ఒక పిల్ల లేచి, "నిజమైనయి ఎట్లుంటయి మేడం?" అంది. నోరు తెరిచాను. గోడ మీది కెమెరా వైపు చూశాను. "పరీక్షల రాదు, కూసో" అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చిందా అని కాసేపు అనుమానం, తర్వాత నవ్వు. ఆ వయసులో నన్నెవరైనా అలా కూర్చోబెట్టి ఉంటే, ఆ టీచరును జన్మలో క్షమించేదాన్ని కాదు.