సరిగ్గా సరిపోయిన గౌను

2002 మార్చి. చిలకలూరిపేట బస్టాండు ఎదురు సందులో నాది పిల్లల రెడీమేడ్ బట్టల కొట్టు. పదడుగుల వెడల్పు, ఒక ఫ్యాను, ‘ఫిక్స్‌డ్ రేట్’ అని రాసిన బోర్డు. ఆ బోర్డుని నేనూ నమ్మలేదు, వచ్చేవాళ్ళూ నమ్మలేదు. మా నాన్నది కిరాణా, మేనమామది గాజుల కొట్టు. మాటలకన్నా ముందు బేరం వచ్చిన వంశం మాది. పెళ్ళిచూపులకు వెళ్ళి, వాళ్ళింటి కర్టెన్లు గజం ఎంతకు కొన్నారని అడిగానని మా ఆవిడ పద్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మా వ్యాపారంలో సైజులు అంగుళాల్లో ఉంటాయి. ఇరవై రెండు సైజంటే భుజం నుంచి అంచు దాకా ఇరవై రెండు అంగుళాల గౌను. అయితే ఇరవై రెండు సరిపోయే పిల్లకి ఇరవై రెండే కొన్న తల్లిని మా వైపు నేను చూడలేదు. “ఎదిగే పిల్లండీ” అని ఇరవై ఆరు అడుగుతారు. నడుం దగ్గరో మడత, అంచు దగ్గరో మడత పెట్టి కుట్టి, ఏటా ఒకటి విప్పుతారు. అందుకే మొదటి ఏడాది పిల్ల అక్క గౌను వేసుకున్నట్టుంటుంది, చివరి ఏడాది చెల్లెలి గౌను వేసుకున్నట్టుంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ముప్పై అయిదేళ్ళ మనిషి ఒకడు అయిదేళ్ళ పాపని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం.

“గుంటూరు పెళ్ళికి పోతన్నాం. మంచి గౌనొకటి చూపించండి.”

నేను డెడ్ స్టాక్ తీశాను. అంటే ఏడాదిగా ఎవరూ కొనక అరలో మగ్గుతున్న సరుకు. ఎర్ర నైలాన్ గౌను, ఒళ్ళంతా జరీ లేసు. కంపెనీ వాడు దాంతోపాటు ఎర్ర టోపీ కూడా పంపాడు. టోపీని విడిగా అమ్ముకోవచ్చని ముందే తీసి సొరుగులో దాచాను. వ్యాపారమన్నాక ఇలాంటి ముందుచూపు ఉండాలి.

“ఇరవై రెండు సరిపోద్ది. ఇరవై ఆరు ఇమ్మంటారా?” అన్నాను.

“సరిపోయేదే ఇవ్వండి.”

ధర చెప్పాను. సగానికి దిగడానికి చోటు ఉంచుకుని చెప్పడం నా అలవాటు. అతను మారు మాట్లాడకుండా ఇచ్చేశాడు. గౌను అక్కడే తొడిగించి, విప్పిన నీలం గౌనుని కౌంటర్ మీద పెట్టి, “అది పారెయ్యండి” అన్నాడు. పాపని “బుజ్జీ, పద” అన్నాడు. పాప నోరు తెరవలేదు. కొత్త గౌను వేసుకుని అద్దం వంక కూడా చూడలేదు. ఇవన్నీ తరవాత గుర్తుకొచ్చినవి. అప్పటికి నా కంటికి ఆనింది ఒక్కటే, బేరమాడని మనిషి.

పది నిమిషాలకి పద్మ అన్నం క్యారియర్ పట్టుకుని వచ్చింది.

“ఎర్రది పోయింది” అన్నాను.

“ఎంతకి?”

“చెప్పినంతకి.”

“చెప్పినంతకా? ఎవరండీ ఆ పిచ్చిమారాజు?” అంటూ క్యారియర్ పెట్టడానికి నీలం గౌను పక్కకి తీసింది. రెండు తుమ్ములు తుమ్మింది. గాలికి నేనూ తుమ్మాను. గౌను నిండా మిరప ఘాటు. పద్మ దాని అంచు తిరగేసి చూసింది.

“ఏవండీ, ఇది రెండుసార్లు మడత విప్పి కుట్టిన గౌను. ఇట్టా కుట్టుకునేవాళ్ళు దీన్ని పారెయ్యమంటారా?”

“పెళ్ళికి పోతా మోసుకెళ్ళటం ఎందుకనీ...”

“కొత్తది ఎంత సైజు ఇచ్చారు?”

“ఇరవై రెండు.”

“పిల్లకి పట్టేదెంత?”

“ఇరవై రెండే.”

పద్మ నా వంక చూసింది. “ఎవరి పిల్లండీ అది?”

నాకు జవాబు తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆవిడ అడిగాకే తెలిసింది. నిజంగా తండ్రే అయితే నా కొట్టు పరువేం కాను అని మొదటి ఆలోచన వచ్చింది, వ్యాపారిని కదా. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని బస్టాండులో కేక వేస్తే, వివరం కనుక్కునేలోపు జనం అతని ఎముకలు విరిచేస్తారని రెండోది. కేక వేయకుండా మనిషిని నిలబెట్టే విద్య నాకు ఒక్కటే వచ్చు. సొరుగులోంచి టోపీ తీసుకుని పరుగెత్తాను.

గుంటూరు బస్సు ఆగే చోట వాళ్ళు లేరు. దానికి ఎదురు దిక్కుగా పోయే నెల్లూరు బస్సులో, కిటికీ పక్కన ఎర్ర గౌను కనిపించింది. ముందు కంట్రోలర్ గదికి వెళ్ళాను. బస్సులు బయల్దేరే వేళ చూసేది ఆయనే.

“అయ్యా, నెల్లూరు బండి ఐదు నిమిషాలు ఆపండి. అవుట్‌పోస్టు కానిస్టేబుల్ని పిలిపించండి. ఆ ఎర్ర గౌను పిల్ల అతని పిల్ల కాదేమోనని నా అనుమానం.”

“ఎట్టా తెలుసు?”

“బేరమాడలేదండి.”

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. “నీ కొట్లో బేరమాడకుండా కొన్నాడా?” అన్నాడు. మా కొట్టు ఆయనకి తెలుసు. వెంటనే లేచాడు.

నేను బస్సెక్కాను. “బాబూ, గౌను మీదకి టోపీ మర్చిపోయారు.”

“వద్దులెండి.”

“ఊరికేనండి. గౌనుతో వచ్చిందే.”

“వద్దన్నాగా.”

ముందు సీట్లో ముసలావిడ వెనక్కి తిరిగింది. “ఊరికే ఇస్తంటే వద్దంటాడేందయ్యా ఈయన? ఇటియ్యి, మా మనవరాలికి పెట్టుకుంటా.”

“ఇది జత సరుకు మామ్మా, విడగొట్టకూడదు” అన్నాను, ఏడాది కిందటే విడగొట్టినవాణ్ణి. “తల కొలత చూస్తా, అర నిమిషం” అని పాప ముందు కూర్చున్నాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి తోశాడు. నేను సీటు కమ్మీ పట్టుకుని కదల్లేదు. “కంపెనీ వాడు నన్ను తిడతాడండి, పెద్ద మనసు చేసుకోండి” అంటూనే ఉన్నాను.

“నీ పేరేంటమ్మా?”

“శిరీష.”

“మీ అమ్మ ఏది?”

“కల్లంలో. తాలు ఏరతంది.” ఎండబోసిన మిరపలో తెల్లబారిన కాయల్ని వేరు చేసే కూలి పని అది.

“మరి ఈయనెవరు?”

పాప అతని వంక చూసింది. “పుల్లైసు కొనిపెట్టాడు” అంది.

అతను లేచాడు. అప్పటికి కానిస్టేబుల్ వెనక మెట్టు ఎక్కి ఉన్నాడు. పెనుగులాట ఏమీ లేదు. అతనెవరో, పిల్లని ఎక్కడికి చేర్చబోయాడో పోలీసులు తేల్చుకున్నారు. నాకు కోర్టులో సాక్ష్యం చెప్పిన మేరకే తెలుసు.

పాపకి ఊరి పేరు తెలియదు. మార్చి నెలలో మా చుట్టూ ఎటు చూసినా మిరప కల్లాలే. “కల్లం కాడికి రైలు కనపడుద్ది” అని పాప చెప్పింది. పేటకి రైలు లేదు. పోలీసు స్టేషన్ వాళ్ళు రైలున్న ఊళ్ళకి ఫోన్లు చేశారు. పొద్దుటి నుంచి ఒక తల్లి కూతురు కనబడలేదని కూర్చుని ఉందని సత్తెనపల్లి నుంచి జవాబొచ్చింది.

సాయంత్రానికి ఆ తల్లిని జీపులో తీసుకొచ్చారు. పేరు కోటేశ్వరమ్మ. ఎర్రబడిన వేళ్ళు, చీర నిండా మిరప దుమ్ము. ఎస్సై పాపని వెంటనే చూపించలేదు. ఒంటిమీద ఏముందమ్మా అని అడిగాడు.

“నీలం గౌనండి. కింద మడత ఇప్పి తెల్లదారంతో కుట్టా. నీలం దారం అయిపోయింది.”

పద్మ కొట్టు నుంచి తెచ్చి ఇచ్చిన గౌను బల్ల మీదే ఉంది. అంచుకి తెల్లదారం. ఆ తరవాత పాపని లోపలికి తెచ్చారు. మేమిద్దరం బయటికి వచ్చి నిలబడ్డాం.

అప్పటి నుంచి మా కొట్లో కొలత తీసేటప్పుడు మాట పిల్లతోనే మొదలుపెడతాం. పేరేంటి, ఎవరితో వచ్చావు, అమ్మ ఏది. పెద్దవాళ్ళు చెప్పబోతే, పిల్లని చెప్పనివ్వండి అంటాం. పొద్దున పిల్లకి ఏ బట్టలు తొడిగారో గుర్తుంచుకోమని తల్లులకు చెబుతుంది పద్మ. బేరమాడకుండా కొనేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. వాళ్ళొస్తే మాత్రం నేను డబ్బు వంక కాక పిల్ల వంక చూస్తాను. నలభై ఏళ్ళ బుర్రకి ఆ మాత్రం ఎక్కడానికి ఒక గౌను పట్టింది.

ఆ సాయంత్రం నీలం గౌను కేసు సాక్ష్యం కింద స్టేషన్లో ఉండిపోయింది. పిల్ల ఎర్రదానితోనే బయటికి వచ్చింది. కోటేశ్వరమ్మ కూతుర్ని చంకన వేసుకుని మా కొట్టు దాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పిల్లని కౌంటర్ మీద నిలబెట్టి, గౌను నడుం దగ్గర వేలు పెట్టి చూసింది, అంచు తిరగేసి చూసింది. మడత లేదు.

“ఇది వచ్చే ఏటికి పట్టదండి. ఎదిగే పిల్ల. పెద్దది లేదా?”

ఇరవై ఆరు తీసిచ్చాను. తొడిగితే పాప పిక్కల దాకా జారింది, చేతులు లోపలికి పోయాయి. తల్లి ఒకసారి వెనక్కి జరిగి చూసుకుంది. తరవాత, ఇంకా టోపీ పట్టుకునే ఉన్న నా చేతి వైపు చూసింది.

“ఆ టోపీ కూడా దీంతో వచ్చిందేనంటగా?” అంది.

అప్పుడు నా మనసు కుదుటపడింది.