సగం బాబాయి

సగం బాబాయికి నిండుగా ఉన్నదేదీ కంటబడకూడదు. కనబడిందా, దాన్ని రెండు చేసేదాకా ఆయనకు నిద్ర పట్టదు.

ఈ పిచ్చి ఆయనకు ఉద్యోగంలో పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా ఒక పరిశోధనశాలలో కాలేయ క్యాన్సర్ కణాలను పెంచడమే ఆయన పని. సీసా అడుగున అవి ముప్పావు వంతు పరుచుకోగానే సగం తీసేసి వేరే సీసాలోకి మార్చాలి, లేకపోతే ఇరుకులో పాడైపోతాయి. ఆ లెక్కను ఆయన లోకమంతటికీ అంటగట్టాడు. లిఫ్టులో పదిమంది ఎక్కితే ఐదుగురిని దింపేసేవాడు, డైరెక్టరుగారు ఉన్నా సరే. కూతురి పెళ్లి ఫొటోలోంచి సగంమందిని పక్కకు పంపేశాడు. ఆ సగంలో వియ్యంకుడున్నాడు. ఇప్పటికీ వాళ్లిద్దరికీ మాటల్లేవు.

"పిన్ని మీతో ఎలా వేగుతోంది బాబాయ్?" అని ఎవరో అడిగారు.

"సగం రోజులు పుట్టింట్లోనే ఉంటుందిగా" అన్నాడు.

అక్కడ పరిశోధన చేసే అమ్మాయి ఒకతి ఉండేది. పట్టా ఇంకా చేతికి రాకపోయినా అందరూ డాక్టరమ్మా అనేవారు. హెపటైటిస్ బి వైరస్ జన్యువు ఒకటి ఆ కణాల్లోకి ఎక్కించి, కణితి పెరగడానికి అది ఎలా దారితీస్తుందో చూస్తోంది. ఏడాదిన్నర చాకిరీ. కణాలు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని సీసాలు కిక్కిరిసేదాకా ఊరుకునేది. సోమవారం వచ్చి చూస్తే సగమే ఉండేవి.

"నా కణాలేవి బాబాయ్?"

"బస్సులో ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నిన్నేదైనా అడిగితే తిన్నగా చెప్తావా? అవీ అంతేనమ్మా. ఇరుకులో సరైన జవాబు చెప్పవు."

"మరి మిగతా సగం?"

"ఎక్కడో ఉంటాయిలే."

ఆ మాటకు డాక్టరమ్మకు ఒళ్లు మండింది. వెళ్లి డైరెక్టరుకు ఫిర్యాదు రాసిచ్చింది. డైరెక్టరు బాబాయిని పిలిచి చీవాట్లు పెట్టాడు. బాబాయి సగం విని, పనుందని వచ్చేశాడు.

సిద్ధాంత వ్యాసం ఇవ్వడానికి ఇంకా మూడు నెలలున్నాయనగా, సీసాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరు పాడైంది. రెండు రోజుల సెలవుల్లో సీసాలన్నీ ఉడికిపోయాయి. కొన్ని కణాలను గడ్డకట్టించి దాచుకోవాలని డాక్టరమ్మకు తెలియక కాదు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అని గడిపేసింది. ఇప్పుడు బల్లమీద తలవాల్చి ఏడుస్తూ కూర్చుంది.

బాబాయి మందపాటి చేతితొడుగులు వేసుకుని, తెల్లటి పొగలు కక్కుతున్న నైట్రోజన్ ట్యాంకులోంచి ఒక పెట్టె పైకి లాగాడు. అందులో గడ్డకట్టించిన కణాలతో ఎనిమిది చిన్న గొట్టాలున్నాయి. అన్నిటి మీదా ఆమె పేరు, తేదీ బాబాయి రాతలో ఉన్నాయి. చివరి తేదీ చూసి ఆమెకు తల కొట్టేసినట్టయింది. తను ఫిర్యాదు ఇచ్చిన మర్నాడు అది.

"అన్ని చీవాట్లు తిన్నాక కూడానా బాబాయ్?"

"నేను విన్నది సగమేనమ్మా. అందులో నీ సీసాలు ముట్టుకోవద్దన్న మాట రాలేదు."

ఆమె కళ్లు తుడుచుకుని ఎనిమిదీ తీసుకోబోయింది. ఆయన చటుక్కున పెట్టె వెనక్కి లాక్కున్నాడు.

"నాలుగే."

ఏడుపు సగంలో ఉండగానే డాక్టరమ్మకు నవ్వొచ్చింది. నాలుగే తీసుకుంది.