నాయన పాట నిడివి

నాకు డెబ్బై రెండేళ్లు. మాది యాడికి అనే ఊరి దగ్గర పల్లె. వేరుశనగ విత్తేటప్పుడు నాయన ఎద్దుల వెనక నడుస్తూ పాడిన పాట ఒక్క మాట పోకుండా నా దగ్గరుందని అందరికీ చెప్పుకునేదాన్ని.

పోయిన జూన్ రెండో ఆదివారం, కంప్యూటర్‌లో సంగీతం చేసే మా మనవరాలు శైలజ దాన్ని రికార్డు చేసింది. సరిగ్గా నాలుగు నిమిషాలు వచ్చింది. "అవ్వా, పాత టేపు నిదానంగా తిరిగినట్టు చేస్తా" అని వేగం సగానికి తగ్గించింది. పాట ఎనిమిది నిమిషాలైంది, నా గొంతు మగగొంతైంది.

వసారాలో పడుకున్న మా అన్న చేతికర్ర కూడా మరిచి లోపలికొచ్చినాడు.

"నాయన పాడతాండాడు. యాడ దొరికింది ఇది?"

"నా గొంతేలే అన్నా. పాప వేగం తగ్గించింది."

ఆయన చివరిదాకా విన్నాడు. "గొంతు నీదే. నడక నాయనది. ఎద్దుల అడుగుకు తగ్గట్టు ఇంత నిదానంగానే పాడేవాడు. నువ్వు ఎవరో తరుముతాండారన్నట్టు పాడతావు."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదే?"

"చెప్తే ఇంటావా నువ్వు?"

శైలజ నవ్వింది. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అరవై ఏళ్లు ఆ పాటను సగం కాలానికే ముగించి, పూర్తిగా దాచానని చెప్పుకున్నాను.

ఇప్పుడు రోజూ గడియారం ముందు పెట్టుకుని పాడుతున్నాను. ఊపిరి చాలక ఆరు నిమిషాలకే అయిపోతోంది. ఇంకా రెండు నిమిషాలు రావాలి.